పొట్టి పేరు పెట్టే ముందు: ఒక జూనియర్ న్యాయవాదికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

భూసేకరణ కేసులో నువ్వు పంపిన రిటన్ ఆర్గ్యుమెంట్స్ నోట్, అంటే కోర్టుకి రాసిచ్చే వాదనలు, మొత్తం చదివాను. వాదన బలంగా ఉంది. భూమికి నోటిఫికేషన్ ఎప్పుడు పడింది, పరిహారం ఖరారు చేసే అవార్డు ఎప్పుడొచ్చింది, పరిహారం డబ్బు ఎక్కడ జమ అయింది అనేవి తేదీల వారీగా పేర్చిన తీరు నాకు నచ్చింది. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా అడిగావు. ఒక తీర్పుకి పూర్తి సైటేషన్, అంటే పక్షాల పేర్లు, అది అచ్చయిన పుస్తకం, పేజీ, ఒకసారి ఇచ్చేశాక, అదే తీర్పు మళ్లీ వచ్చినప్పుడు ఎలా రాయాలి, సుప్రా (పైన చెప్పినది) అనాలా, ఐబిడ్ (సరిగ్గా ముందుదే) అనాలా, పేరొక్కటే సరిపోతుందా అని. ఫోన్లో చెబితే సగం చెప్పినట్టే ఉంటుంది. లా కాలేజీల్లో దీన్ని ఫుట్‌నోట్ల పద్ధతి అని ఒక క్లాసులో ముగించేస్తారు. కోర్టులో మాత్రం నీ పాయింట్ జడ్జి గారికి అందడమో అందకపోవడమో కొన్నిసార్లు దీని దగ్గరే తేలిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీ నోట్ ఎవరు, ఎప్పుడు, ఎలా చదువుతారో ముందు ఊహించుకో. జడ్జి గారు వాదనలు విని, తీర్పు తర్వాత ఇస్తామని రిజర్వ్ చేశారు. ఆ తర్వాత రోజూ కాజ్‌లిస్ట్ నిండా వేరే కేసులు. కొన్ని వారాల తర్వాత నీ నోట్ మళ్లీ తెరుస్తారు. మొదటి పేజీ నుంచి చదివే తీరిక ఉండదు. సందేహం ఉన్న పాయింట్ పదిహేడో పేజీలో ఉంటే నేరుగా పదిహేడో పేజీకే వెళతారు. అక్కడ "పై తీర్పులో చెప్పినట్టు" అని ఉందనుకో, ఏ పై తీర్పు? పదహారో పేజీలో నాలుగు తీర్పులున్నాయి. వాటిలో ఏదో తెలుసుకోవాలంటే వెనక్కి వెళ్లాలి. వెళ్లేంత ఓపిక ఉంటే నీ అదృష్టం, లేకపోతే ఆ పాయింట్ పోయినట్టే. పొట్టి సైటేషన్ అలా మధ్యలో పేజీ తెరిచినవాళ్లకి కూడా పని చెయ్యాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క కొలత నుంచే వస్తుంది. ఏ పేజీ తెరిచినా, ఆ పొట్టి పేరు చూడగానే ఒకే ఒక్క తీర్పు గుర్తుకు రావాలి, ఆ తీర్పులో ఏ పేరా చూడాలో తెలియాలి.

అయితే పూర్తి సైటేషన్నే ప్రతిసారీ రాసేస్తే గొడవే లేదు కదా అని నీకు అనిపించవచ్చు. నీ నోట్లో తొమ్మిదో పేజీ చూడు. ఒకే పేరాలో పూణె మున్సిపల్ కార్పొరేషన్ వర్సెస్ హరక్‌చంద్ మిసిరీమల్ సోలంకి, (2014) 3 ఎస్‌సీసీ 183 అని మూడుసార్లు వచ్చింది (ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్టు తీర్పులు అచ్చేసే లా రిపోర్టు). ఆ మూడింటి మధ్య నువ్వు చెప్పదలచుకున్నది ఒక్క వాక్యం. పరిహారం ట్రెజరీలో వేస్తే చాలదని ఆ తీర్పు అన్నదని. ఆ వాక్యం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. మొదటిసారి పూర్తిగా ఇచ్చి, తర్వాత రెండుచోట్లా "పూణె" అని ఊరుకుంటే ఆ పేరా సగానికి సగం తగ్గుతుంది, వాదన పైకి తేలుతుంది.

పొట్టి పేరు పెట్టేది మొదటిసారి పూర్తి సైటేషన్ ఇచ్చిన చోటే. అక్కడే పక్కన బ్రాకెట్ తెరిచి, కోట్స్‌లో ఆ పేరు రాసెయ్యి. స్టేట్ ఆఫ్ హర్యానా వర్సెస్ భజన్‌లాల్, 1992 సప్లిమెంట్ (1) ఎస్‌సీసీ 335 అని రాసి, దాని పక్కన "భజన్‌లాల్" అని పెడతావు. ఇక నోట్ చివరిదాకా అది భజన్‌లాల్ మాత్రమే. మధ్యలో ఒకచోట "హర్యానా కేసు", ఇంకోచోట "1992 తీర్పు" అని మార్చకు. ఒకే మాట పదేపదే వస్తే విసుగొస్తుందని స్కూల్లో వ్యాసాలకి నేర్పింది ఇక్కడ పనికిరాదు. పేరు మారితే చదివేవాళ్లు అది ఇంకో తీర్పు అనుకుంటారు.

పేరు ఏది ఎంచుకోవాలి అనే దగ్గర ఒక సంగతి గట్టిగా పట్టుకో. ప్రభుత్వం ఒక పక్షంగా ఉంటే ఆ పేరు ఎప్పుడూ తీసుకోకు. స్టేట్ ఆఫ్ హర్యానా, యూనియన్ ఆఫ్ ఇండియా, స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అనే పేర్లతో లా రిపోర్టుల్లో లెక్కలేనన్ని తీర్పులున్నాయి. ఎదుటి మనిషి పేరే గుర్తు. అందుకే కేశవానంద భారతి అంటాం కానీ స్టేట్ ఆఫ్ కేరళ అనం. బొమ్మై అంటాం కానీ యూనియన్ ఆఫ్ ఇండియా అనం.

కానీ తీసుకున్న పేరు ప్రభుత్వానిది కాకపోయినా చిక్కు వచ్చే సందర్భాలున్నాయి. నీ కేసులోనే అది కూర్చుని ఉంది, నువ్వు గమనించలేదు. నీ నోట్లో పదకొండో పేజీ నుంచి "ఇండోర్" అనే పొట్టి పేరు వాడావు. ఏ ఇండోర్? ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ శైలేంద్ర, (2018) 3 ఎస్‌సీసీ 412 ఒకటుంది. ముగ్గురు జడ్జిల బెంచ్. ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ మనోహర్‌లాల్, (2020) 8 ఎస్‌సీసీ 129 ఇంకొకటి. అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం, 2020 మార్చి 6న ఇచ్చింది. రెండూ భూసేకరణ మీదే, రెండూ పాత చట్టం కింది సేకరణ ఎప్పుడు రద్దయినట్టో చెప్పే, 2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 24(2) మీదే. రెండోది పూణె తీర్పుని కొట్టేసింది. అంతటితో ఆగకుండా, శైలేంద్రలో ఆ సెక్షన్‌లోని "లేదా" అన్న మాటని ఎలా చదవాలో పరిశీలనకే రాలేదు కాబట్టి ఆ తీర్పు కూడా నిలవదని చెప్పింది. ఇప్పుడు చెప్పు, నీ పదకొండో పేజీలో "ఇండోర్ ప్రకారం" అన్న వాక్యం చదివి ఎదుటి లాయరు లేచి, ఆ ఇండోర్ నిలవదని ఆ తర్వాతి తీర్పే చెప్పిందని అంటే? నువ్వు చెప్పింది మనోహర్‌లాల్ గురించే. కానీ ఆ మాట నువ్వు కాగితం మీద పెట్టలేదు. లేచి వివరించే అవకాశం వాదనలప్పుడు ఉంటుంది, రిజర్వ్ అయిన తర్వాత ఉండదు. అందుకని ఇక్కడ పొట్టి పేర్లు "శైలేంద్ర", "మనోహర్‌లాల్". ఇండోర్ అన్న మాట ఈ నోట్లో పూర్తి సైటేషన్లో తప్ప ఎక్కడా కనపడకూడదు.

ఇంకో రకం చిక్కు పుట్టస్వామిది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు ఇచ్చిన తీర్పు కె.ఎస్. పుట్టస్వామి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, (2017) 10 ఎస్‌సీసీ 1. ఆధార్ చట్టం మీద 2018 సెప్టెంబర్ 26న అయిదుగురు జడ్జిలు ఇచ్చినదీ అదే పేరు, (2019) 1 ఎస్‌సీసీ 1. ఇక్కడ ఎటుపక్క పేరు తీసుకున్నా ఉపయోగం లేదు, రెండు పక్షాలూ వాళ్లే. ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఒకాయన్ని బడి సుబ్బారావు అనీ ఇంకొకాయన్ని మిల్లు సుబ్బారావు అనీ పిలిచినట్టు, వీటికి విషయాన్ని చేర్చాలి. ఎస్‌సీసీ వాళ్లు తమ రిపోర్టులో ఆ పనే చేశారు. ఒకదానికి పేరు పక్కన ప్రైవసీ అనీ తొమ్మిదిమంది జడ్జిలనీ, ఇంకోదానికి ఆధార్ అనీ అయిదుగురు జడ్జిలనీ చేర్చారు. పుట్టస్వామి ఒకటి, పుట్టస్వామి రెండు అని అంకెలు వేసేవాళ్లూ ఉన్నారు. నాకు విషయం చేర్చే పద్ధతే నచ్చుతుంది. అంకె చూస్తే ఏది ముందో తెలుస్తుంది కానీ దేని గురించో తెలియదు. బెంచ్ ఎంతమందిదో కూడా పేరులోనే ఉంటే మరీ మంచిది. తొమ్మిదిమంది చెప్పిన మాటకీ అయిదుగురు చెప్పిన మాటకీ మధ్య తేడా వాదనలో ఎప్పుడైనా అవసరపడుతుంది.

మన పేర్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ పుస్తకాల్లో చివరి పేరు తీసుకోమని రాస్తారు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల టీచర్ పోస్టుల మీద వచ్చిన చేబ్రోలు లీలా ప్రసాదరావు తీర్పు తీసుకో, (2021) 11 ఎస్‌సీసీ 401. చివరి పేరు సూత్రం పెడితే "రావు" అవుతుంది. మన హైకోర్టు తీర్పుల ఇండెక్స్‌లో రావు, రెడ్డి, దేవి, అమ్మ అనే పేర్లు ఎన్నుంటాయో నీకు తెలుసు. ఇంటిపేరొక్కటే తీసుకుని "చేబ్రోలు" అంటే ఊరి పేరులా ఉంటుంది, అయినా రావు కంటే నయం. నేనైతే "చేబ్రోలు లీలా ప్రసాద్" అని ఉంచుతాను. కాస్త పొడుగైనా పర్వాలేదు, ఎవరూ పొరబడరు. రెండు మాటలు మిగుల్చుకోవడానికి గుర్తింపుని పోగొట్టుకోవడం దండగ.

తీర్పుల సంగతి ఇలా ఉంటే, చట్టాల దగ్గర ఇంతకంటే ఎక్కువ ప్రమాదం ఉంది. ఎందుకంటే చట్టాల పొట్టి పేర్లు మనం పెట్టకముందే జనం నోట్లో ఉంటాయి. రెవెన్యూ ఆఫీసులో, డాక్యుమెంట్ రైటర్ దగ్గర, పంచాయతీ దగ్గర అందరూ వాడేవే. అవే పిటిషన్లోకి వచ్చేస్తాయి.

ఉదాహరణకి 1/70. పాడేరులోనో భద్రాచలంలోనో ఎవర్నడిగినా ఆ మాట తెలుసు. గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా ఉన్న రక్షణ. కానీ కాగితం మీద 1/70 అన్నది సవరణ రెగ్యులేషన్, 1970లో వచ్చింది. అసలుది ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్, 1959లో ఒకటోది. దాన్ని 1/70 సవరించి బిగించింది. నువ్వు పిటిషన్లో "1/70లోని సెక్షన్ 3" అని రాస్తే, సవరణలోని మూడో క్లాజా, 1959 రెగ్యులేషన్‌లోని సెక్షన్ 3నా అన్న ప్రశ్న వస్తుంది. మొదటిసారి 1959 రెగ్యులేషన్ పేరు పూర్తిగా రాసి, 1/70 సవరణతో కలిపి అని చెప్పి, "రెగ్యులేషన్" అని పేరు పెట్టుకో. క్లయింటుతో మాట్లాడేటప్పుడు మాత్రం 1/70 అనే అను. ఆ మనిషికి తెలిసిన పేరు అదే.

ఆ రెగ్యులేషన్ మీదే సమత తీర్పు వచ్చింది. సమత వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, (1997) 8 ఎస్‌సీసీ 191. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. "సమత" అనే పొట్టి పేరు ఎంత బాగా కుదిరిందో చూడు. పిటిషన్ వేసిన సంస్థ పేరు, ఒక్క మాట, ఇంకే తీర్పుతోనూ కలవదు. ఏజెన్సీ గ్రామాల్లో గ్రామసభ తీర్మానాల్లో సైతం ఆ పేరు కనిపిస్తుంది. పొట్టి పేరు బాగుంటే తీర్పు లా రిపోర్టు దాటి జనంలోకి వెళుతుంది. ఆ మాట నాకు చాలా ముఖ్యం. చట్టం ఎవరి కోసమో వాళ్ల నోట్లో నిలిచే పేరు అది.

జీవోల సంగతి కూడా ఇదే. ఇందాక చెప్పిన చేబ్రోలు లీలా ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసిన ఉత్తర్వుని అందరూ "జీవో 3" అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఉత్తర్వు, 2000 జనవరి 10 నాటిది. కానీ జీవో నంబర్లు ప్రతి శాఖకీ వేరు, ప్రతి ఏడాదీ ఒకటి నుంచి మళ్లీ మొదలవుతాయి. అంటే ఏటా ఎన్ని శాఖలుంటే ఇంచుమించు అన్ని జీవో 3లు. శాఖ, తేదీ లేకుండా జీవో నంబరు ఇవ్వడమంటే వీధి పేరు లేకుండా డోర్ నంబరు ఇచ్చినట్టే. మొదటిసారి శాఖ, తేదీ, నంబరు మూడూ ఇచ్చాకే "జీవో 3" అని పొట్టి చెయ్యి.

సంవత్సరంతో చట్టాన్ని పిలిచే అలవాటు నీకుంది. అది కొన్నిచోట్ల చక్కగా పనిచేస్తుంది. నీ నోట్లో "1894 చట్టం", "2013 చట్టం" అన్నావు. అక్కడ సరిగ్గా కుదిరింది. పాత భూసేకరణ చట్టానికీ కొత్తదానికీ మధ్యనే నీ వాదన నడుస్తోంది, పైగా 2013 చట్టం పూర్తి పేరు ఒక లైను నిండా ఉంటుంది. కానీ సివిల్ దావాలో "1882 చట్టం" అని రాయకు. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం 1882, ట్రస్టుల చట్టం 1882, ఈజ్‌మెంట్ చట్టం 1882. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, లిమిటేషన్ చట్టం రెండూ 1963. అగ్రిమెంట్ అమలు దావాలో ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి. హిందూ వారసత్వ చట్టం, దత్తత చట్టం, మైనర్ల సంరక్షణ చట్టం మూడూ 1956. కుటుంబ ఆస్తి కేసులో మూడింటితోనూ పని పడవచ్చు.

తెలంగాణ భూమి కేసుల్లో ఇప్పుడు "ఆర్ఓఆర్ చట్టం" అనే మాట వాడటం మానెయ్యమని నా సలహా. 1971 చట్టం ఉంది. ధరణితో పాటు వచ్చిన 2020 చట్టం ఉంది. 2025లో భూభారతి చట్టం వచ్చింది. మూడూ పట్టా హక్కుల రికార్డు గురించే. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఏ సంవత్సరం జరిగిందో దాన్నిబట్టి ఏ చట్టం వర్తిస్తుందో, అప్పీలు ఎవరికి వెళుతుందో మారుతుంది. ఇక్కడైతే సంవత్సరమే కావాలి. 1971 చట్టం, 2020 చట్టం, భూభారతి చట్టం అని మొదటే విడదీసి చెప్పు.

క్రిమినల్ కేసుల్లో 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత), ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చాయి, ఆ మార్పు గురించి విడిగా చెప్పాలి. సెక్షన్ 482 అనగానే మన చేతులు అలవాటుగా క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమనే పిటిషన్, రాస్తాయి. సీఆర్‌పీసీలో అది హైకోర్టుకున్న స్వాభావిక అధికారం. బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 482 అంటే ముందస్తు బెయిల్. క్వాష్ అధికారం సెక్షన్ 528కి మారింది. భజన్‌లాల్ సీఆర్‌పీసీ కాలం తీర్పు, దాన్ని నువ్వు 528 కింద వేసిన పిటిషన్లో ఉదహరిస్తావు. ఆ పేరాలో చట్టం పేరు లేకుండా "సెక్షన్ 482" అని వదిలేస్తే చదివేవాళ్లకి రెండు దారులు కనిపిస్తాయి. కాబట్టి ఈ కాలంలో ఏ క్రిమినల్ పిటిషన్లోనూ సెక్షన్ నంబరు ఒంటరిగా ఉండకూడదు, ఎన్నిసార్లు వచ్చినా సరే. "సంహిత" అని పొట్టి చెయ్యడం కూడా కుదరదు, న్యాయ సంహిత ఒకటి, నాగరిక సురక్షా సంహిత ఒకటి. బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్ మధ్య ఒక్క అక్షరమే తేడా. టైప్ చేసేటప్పుడు అది ఎగిరిపోతే స్పెల్‌చెక్ పట్టుకోదు. ప్రింట్ తీసి, వేలు పెట్టి ఒక్కొక్కటీ చూడాల్సిందే.

ఇక నువ్వు అడిగిన సుప్రా దగ్గరికి వస్తాను. మన హైకోర్టుకి ఒక పాత అలవాటుంది. తీర్పు పేరు రాసి, పక్కన బ్రాకెట్లో "1 సుప్రా", "3 సుప్రా" అని ఫుట్‌నోట్ నంబరు ఇస్తారు. పాత ఏఎల్‌టీ, ఏఎల్‌డీ అనే లా రిపోర్టుల సంపుటాలు తిరగేస్తే పేజీపేజీకీ కనిపిస్తుంది. చదవడానికి హాయిగా ఉండే పద్ధతి అది. పేరు ఉంటుంది, ఎక్కడ వెతకాలో నంబరు ఉంటుంది. నేనూ వాడతాను. కానీ దాని బలహీనత నంబరులోనే ఉంది. చివరి నిమిషంలో సీనియర్ గారు "రెండో పేజీలో ఇంకో తీర్పు చేర్చు" అంటారు. కొత్త ఫుట్‌నోట్ చేరుతుంది. పాత మూడు నాలుగవుతుంది, నాలుగు అయిదవుతుంది. లోపల నువ్వు చేత్తో టైప్ చేసిన "3 సుప్రా" మాత్రం అలాగే ఉండిపోయి వేరే తీర్పుని చూపిస్తుంది. వర్డ్‌లో క్రాస్ రిఫరెన్స్ అని ఒక సదుపాయం ఉంది. నంబరు టైప్ చెయ్యకుండా దాంతో చొప్పిస్తే, ఆఖర్న మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కగానే నంబర్లన్నీ సరిపడతాయి. ఆఫీసులో టైప్ చేసే అబ్బాయికి కూడా నేర్పు, ఒక సాయంత్రం చాలు.

ఐబిడ్ ఇంకా నాజూకైంది. అది సరిగ్గా ముందున్న ఫుట్‌నోట్‌ని మాత్రమే చూపిస్తుంది. మధ్యలో ఒక్క ఫుట్‌నోట్ దూరినా దారి తప్పుతుంది. ముందున్న ఫుట్‌నోట్‌లో రెండు తీర్పులుంటే ఐబిడ్ వాడనే కూడదు, రెండింట్లో ఏదో ఎవరికి తెలుస్తుంది? కోర్టులో వేసే నోట్లో ఐబిడ్ వాడవద్దనే నేను చెబుతాను. జర్నల్ వ్యాసంలో అడిగితే వాడు, అదీ వ్యాసం పూర్తిగా ముగిశాక. డ్రాఫ్ట్ నడుస్తున్నంతకాలం ప్రతి చోటా పూర్తి సైటేషనే ఉంచు, ఎంత వికారంగా ఉన్నా సరే. పేరాలు అటూ ఇటూ కదులుతాయి, కొన్ని తీసేస్తావు. మొదటి ప్రస్తావన ఉన్న పేరానే తీసేశావనుకో, పొట్టి పేరు తల్లిలేని పిల్ల అవుతుంది. సీనియర్ గారు ఓకే అన్నాకే పొట్టి చెయ్యడం మొదలుపెట్టు.

పొట్టి సైటేషన్లో ఎంత కత్తిరించినా కత్తిరించకూడనిది పేరా నంబరు. నిజానికి పూర్తి సైటేషన్ కంటే రెండోసారి వచ్చే పొట్టి సైటేషన్‌కే అది ఎక్కువ అవసరం. "మనోహర్‌లాల్, పేరా 366" అంటే జడ్జి గారు నేరుగా ఆ తీర్పు ముగింపుకి వెళతారు. "మనోహర్‌లాల్" అని వదిలేస్తే ఆ పెద్ద తీర్పులో ఎక్కడని వెతకాలి? "భజన్‌లాల్, పేరా 102" అంటే ఎఫ్ఐఆర్ ఎప్పుడు కొట్టేయవచ్చో చెప్పిన ఏడు సందర్భాలూ ఒకేచోట దొరుకుతాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ 102 ఎస్‌సీసీలో ఉన్న నంబరు. ఏఐఆర్ అనే ఇంకో రిపోర్టు తీస్తే పేరా నంబర్లు వేరు. పుట్టస్వామి ప్రైవసీ తీర్పులో ఒక్కో జడ్జి రాసిన భాగానికి కోర్టు పీడీఎఫ్‌లో పేరాలు విడిగా మొదలవుతాయి, ఎస్‌సీసీలో మొదటి నుంచి చివరిదాకా వరుసగా పోతాయి. కాబట్టి ఏ రిపోర్టు నుంచి పేరా నంబరు తీసుకున్నావో, కాంపైలేషన్లో, అంటే నోట్‌తో పాటు ఇచ్చే తీర్పుల కట్టలో, ఆ రిపోర్టు కాపీనే పెట్టాలి. ఎస్‌సీసీ పేరా రాసి, నెట్‌లో దొరికిన కాపీ జతచేసేవాళ్లని రోజూ చూస్తున్నాం. జడ్జి గారు ఆ పేజీ తెరిచి ఇంకేదో చదువుతారు. లాయరు చెప్పినదాని మీద నమ్మకం అక్కడ కొంచెం తగ్గుతుంది.

2023 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులకి సొంతంగా, ఏ రిపోర్టుతోనూ పనిలేని న్యూట్రల్ సైటేషన్ ఇస్తోంది. సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ, నంబరు, అంతే. హైకోర్టులూ తమ పద్ధతిలో మొదలుపెట్టాయి. ఖరీదైన రిపోర్టులు కొనలేని జిల్లా కోర్టు లాయరుకి ఇది పెద్ద మేలు. మొదటి ప్రస్తావనలో ఎస్‌సీసీ పక్కన దాన్ని కూడా ఇవ్వు. రెండోసారి నుంచి అక్కర్లేదు.

"ఏపీ హైకోర్టు" అన్న మాట గురించి కూడా చెప్పాలి, ఇది మన రెండు రాష్ట్రాలవాళ్లకే ఉన్న సమస్య. 2014 జూన్ 2కి ముందు తీర్పయితే ఉమ్మడి రాష్ట్రానిది. ఆ తర్వాత 2018 చివరిదాకా హైదరాబాద్‌లో రెండు రాష్ట్రాలకీ ఒకటే హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి అమరావతిది వేరు, హైదరాబాద్‌ది వేరు. ఫుల్ బెంచ్ తీర్పుకి పొట్టి పేరు పెట్టినా మొదటి ప్రస్తావనలో ఏ కోర్టు, ఏ తేదీ అన్నది స్పష్టంగా ఉంచు. అది ఇప్పటి కోర్టుని ఎంతవరకు కట్టిపడేస్తుందో దాన్నిబట్టే వాదిస్తారు.

మీ స్నేహితురాలు అమెరికాలో ఎల్ఎల్ఎం చేస్తూ బ్లూబుక్ అనే సైటేషన్ నియమాల పుస్తకంతో టెన్షన్ పడుతోందని రాశావు. తనకి ఈ మాట చెప్పు. 1926లో మొదలైన ఆ పుస్తకం ఎంత లావైనా పొట్టి సైటేషన్ల దగ్గర మూలం మనం అనుకున్నదే. అక్కడ కూడా ప్రభుత్వ పక్షం పేరు తీసుకోవద్దంటారు. జర్నల్ వ్యాసంలో ఆ తీర్పు పూర్తిగానో పొట్టిగానో ముందటి అయిదు ఫుట్‌నోట్లలోపు ఎక్కడా లేకపోతే పొట్టి చెయ్యనివ్వరు, మళ్లీ పూర్తిగా ఇవ్వాల్సిందే. చదివేవాళ్లు ఎంత వెనక్కి తిరగగలరో దానికి వాళ్లు పెట్టుకున్న హద్దు అది. తీర్పులకీ చట్టాలకీ సుప్రా మామూలుగా వాడొద్దంటారు, పుస్తకాలకీ వ్యాసాలకీ వాడమంటారు. మనం తీర్పులకే సుప్రా వాడతాం కాబట్టి ఇక్కడి అలవాటు తను అక్కడ మర్చిపోవాలి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పద్ధతిలో అయితే సుప్రా అసలే లేదు, పొట్టి పేరు పక్కన ఫుట్‌నోట్ నంబరు ఇస్తారు.

ఇంకొక్కటి. అన్నింటికీ పొట్టి పేర్లు పెట్టాలనే ఉత్సాహం కొత్తలో వస్తుంది. నీ నోట్లో ఒక్కసారే వచ్చిన రెండు తీర్పులకి కూడా పేర్లు పెట్టావు, తర్వాత వాటిని వాడనే లేదు. చదివేవాళ్లు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలేమో అనుకుని శ్రమపడతారు. కలెక్టర్ గారికి "ఆర్-2", స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి "ఆర్-3", అవార్డుకి "ఎక్స్-5" అని పెట్టిన చోట నేను కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. కలెక్టర్ అనే రాయి. అవార్డు అనే రాయి. నోట్ మొత్తంలో అయిదారు పొట్టి పేర్లు దాటితే ఏదో ఎక్కువైందని అర్థం.

ఇప్పుడు నీ డ్రాఫ్ట్‌లో చెయ్యాల్సినవి. తొమ్మిదో పేజీలో పూణె మొదటి ప్రస్తావన పూర్తిగా ఉంచి మిగతావి పొట్టి చెయ్యి, అక్కడే అది మనోహర్‌లాల్‌లో కొట్టివేయబడిందని కూడా రాయి. కొట్టేసిన తీర్పుని ఆ సంగతి చెప్పకుండా పొట్టి పేరుతో తిప్పడం కోర్టుని తప్పుదోవ పట్టించడమే అవుతుంది. పదకొండు నుంచి పద్నాలుగు వరకు "ఇండోర్" ఉన్న ప్రతి చోటా ఏ తీర్పో చూసి పేరు మార్చు, పేరా నంబరు చేర్చు. ఒక్కసారే వచ్చిన ఆ రెండు తీర్పుల పొట్టి పేర్లు తీసెయ్యి. కాంపైలేషన్ ఇండెక్స్‌లో పూర్తి పేరు పక్కన అవే పొట్టి పేర్లు, పేజీ నంబర్లతో పెట్టు, నోట్‌నీ కాంపైలేషన్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లకి సులువవుతుంది. ఇవన్నీ అయ్యాక శుక్రవారానికల్లా సాఫ్ట్ కాపీ పంపు. శనివారం ఆఫీసుకి రా, ప్రింట్ మీద ఇద్దరం ఒకసారి చూసి సోమవారం ఫైల్ చేద్దాం.

ఆశీస్సులతో,
మీ సీనియర్